తెలుగు వికీసోర్సులో అంతర్జాల ఉపకరణాల అనుసంధానం – స్వచ్ఛంద భాగస్వామ్యం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

లాభాపేక్ష లేని సంస్థలు పాఠకులను, సభ్యులను, కార్యకర్తలను అంతర్జాలం ద్వారా తమ పనిలో భాగస్వాములను చేసుకోవడానికి అనేక ఉపకరణాలను వినియోగిస్తున్నాయి. ఉపకరణాల సంఖ్య పెరిగినంత మాత్రాన భాగస్వామ్యం పెరగదు. ఒక ఉపకరణం చేసిన పనిని మరొకటి నష్టం లేకుండా అందుకోగలగాలి. పనిచేసిన వ్యక్తి గుర్తింపు, పాఠ్యానికి సంబంధించిన హక్కుల వివరం, లిపి సంకేతం, బాధ్యత ఎవరిదన్న సమాచారం దారిలో చెదిరిపోకూడదు. తెలుగు వికీసోర్సులో ఒక పాత పుస్తకం స్కాను ప్రతి నుండి చదువదగిన పాఠ్యంగా మారే క్రమాన్ని ఆధారంగా తీసుకొని, అక్కడ ఉపకరణాలు ఏ విధంగా అనుసంధానమయ్యాయో, ఆ అనుసంధానం స్వచ్ఛంద కృషికి ఎక్కడ తోడ్పడిందో, ఎక్కడ భారమైందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వికీసోర్సు, వికీమీడియా, అచ్చుదిద్దడం, అక్షర గుర్తింపు, యూనికోడ్, స్వచ్ఛంద భాగస్వామ్యం, ఉపకరణాల అనుసంధానం, డిజిటలీకరణ.

1. ఉపోద్ఘాతం:

అంతర్జాలంలో లాభాపేక్ష లేని సంస్థ చేసే పని స్థూలంగా మూడు విధాలుగా ఉంటుంది. తన దగ్గర ఉన్నదాన్ని ప్రజలకు చేర్చడం మొదటిది. ప్రజల నుండి విరాళం, అభిప్రాయం, శ్రమ స్వీకరించడం రెండవది. ఆ శ్రమను ఒక పద్ధతిలో కూర్చి శాశ్వతమైన ఫలితంగా మార్చడం మూడవది. మొదటి రెండింటికీ సిద్ధంగా దొరికే సేవలు చాలా ఉన్నాయి. వార్తాలేఖ పంపడానికి ఒకటి, దరఖాస్తు నింపించడానికి ఒకటి, సమావేశం జరపడానికి మరొకటి వాడుకోవచ్చు. మూడవ పనిలోనే అసలు సమస్య ఎదురవుతుంది. ఒకరికొకరు పరిచయం లేని వ్యక్తులు, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు సమయాల్లో చేసిన చిన్న చిన్న పనులు కలిసి ఒక గ్రంథమో, నిఘంటువో, విజ్ఞాన సర్వస్వమో కావాలంటే వాటి మధ్య పటిష్ఠమైన అనుసంధానం అవసరం.

ఈ విషయాన్ని పరిశీలించడానికి తెలుగులో వికీమీడియా ప్రాజెక్టులు మంచి ఆధారం. వికీమీడియా ఫౌండేషన్ 2003లో అమెరికాలో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో ప్రారంభమైంది. మూల గ్రంథాలను భద్రపరిచే వికీసోర్సు తెలుగులో 2005లో మొదలైంది. రెండూ మీడియావికీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. వీటిలో వికీసోర్సు పని ప్రత్యేకమైనది. అక్కడ కొత్త రచన ఉండదు. అచ్చయిన గ్రంథాన్ని యథాతథంగా, ప్రతి అక్షరమూ సరిచూసి, వెతకడానికి వీలైన పాఠ్యంగా నిలబెట్టాలి. తెలుగు సాహిత్య పరిశోధకుడికి ఇది నేరుగా సంబంధించిన విషయం. ఆ పాఠ్యం నమ్మదగినదైతేనే దానిని ఉటంకించగలడు.

2. పూర్వరంగం:

స్వచ్ఛంద కృషితో జ్ఞానాన్ని ప్రజలకు చేర్చడం తెలుగువారికి కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపితమైంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు సంపాదకత్వంలో ఆ మండలి చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్రలకు సంబంధించిన గ్రంథాలను చందాదారుల ఆదరణతో వెలువరించింది. తరువాత లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కృషికి పూనుకున్నాడు. 1914లో బెజవాడలో మొదలైన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య కృషి, గ్రంథాలయోద్యమాన్ని ఊరూరికీ తీసుకువెళ్లాయి.

ఆ సంస్థలకూ తమవైన ఉపకరణాలు ఉండేవి. చందాదారుల జాబితా, తపాలా, ముద్రణాలయం, అచ్చుచిత్తు దిద్దే పండితుడు, గ్రంథాలయపు చిట్టా అన్నీ కలిసి ఒక వ్యవస్థగా పనిచేసేవి. పుస్తకం చేతికందే సరికి దాని రచయిత ఎవరు, ప్రకాశకులు ఎవరు, ఎన్నో కూర్పు, ఏ ముద్రాక్షరశాల అన్న వివరాలు ముఖపత్రం మీదనే ఉండేవి. అంటే బాధ్యత ఎవరిదో పుస్తకంలోనే కనిపించేది. డిజిటల్ మాధ్యమంలో ఈ వివరాలు తేలికగా జారిపోతాయి. ఒక పుస్తకం స్కాను చేసి పీడీఎఫ్‌గా వాట్సాప్ బృందంలో పంపితే, కొన్ని చేతులు మారేసరికి అది ఎక్కడిదో, ఏ కూర్పో, ఎవరు స్కాను చేశారో తెలియని స్థితి వస్తుంది. ఉపకరణాల అనుసంధానం అన్నప్పుడు మొదట గుర్తుంచుకోవలసింది ఈ సమాచారం సంగతే.

3. ఒక పుస్తకం ప్రయాణం – ఉపకరణాల గొలుసు:

3.1 సేకరణ, హక్కుల నిర్ధారణ:

పాత తెలుగు పుస్తకాల స్కాను ప్రతులు పెద్ద సంఖ్యలో లభించడానికి కారణం భారత డిజిటల్ గ్రంథాలయ పథకం. ఆచార్య రాజ్ రెడ్డి ఆలోచనతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న పది లక్షల పుస్తకాల పథకంలో ఇది భాగం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ ఇందులో పాలుపంచుకున్నాయి. ఆ ప్రతులలో చాలా భాగం తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరొక లాభాపేక్ష లేని సంస్థ భాండాగారంలో చేరాయి. అక్కడి నుండి ఒక ఉపకరణం సాయంతో పుస్తకాన్ని, దాని గ్రంథ వివరాలను వికీమీడియా కామన్స్‌కు ఒకేసారి తరలించవచ్చు. దించుకొని మళ్లీ ఎక్కించే శ్రమ ఉండదు. రచయిత, శీర్షిక, సంవత్సరం కూడా వెంట వస్తాయి.

ఇక్కడే చట్టం ప్రశ్న ఎదురవుతుంది. భారత కాపీహక్కుల చట్టం 1957 ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరం ఆరంభం నుండి 60 సంవత్సరాల పాటు సాహిత్య రచనకు రక్షణ ఉంటుంది. ఉదాహరణకు త్రిపురనేని గోపీచంద్ 1962లో మరణించారు. ఆయన జీవితకాలంలో వెలువడిన రచనలు 2023 జనవరి 1 నాటికి భారతదేశంలో సార్వజనికమయ్యాయి. వికీమీడియా సర్వర్లు అమెరికాలో ఉన్నందువల్ల ఆ దేశపు చట్టాన్ని కూడా చూడవలసి ఉంటుంది. కాబట్టి ప్రతి దస్త్రానికీ లైసెన్సు వివరం తప్పనిసరి. దానిని ఖాళీగా వదిలిన దస్త్రం తొలగింపుకు గురవుతుంది. కొత్తగా వచ్చిన కార్యకర్తకు ఇది విసుగు కలిగించే అడ్డంకిగా కనిపించినా, ఈ ఒక్క వివరం లేనందువల్ల తరువాత పదిమంది శ్రమ వ్యర్థమయ్యే ప్రమాదాన్ని ఇది ముందే నివారిస్తుంది.

3.2 అక్షర గుర్తింపు:

స్కాను ప్రతి బొమ్మ మాత్రమే. దానిలోని అక్షరాలను గుర్తించి పాఠ్యంగా మార్చడానికి రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి. ఒకటి గూగుల్ సంస్థ సేవ. రెండవది టెసెరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 2015 ప్రాంతంలో తమిళ వికీమీడియా కార్యకర్త టి. శ్రీనివాసన్ తయారుచేసిన ఒక పైథాన్ ప్రోగ్రాము, పుస్తకంలోని పుటలన్నింటినీ గూగుల్ సేవకు పంపి, వచ్చిన పాఠ్యాన్ని వికీసోర్సులో పుటలవారీగా చేర్చే వీలు కల్పించింది. భారతీయ భాషల వికీసోర్సులకు ఇది పెద్ద ఊతమిచ్చింది. ఆపైన 2021లో వికీమీడియా సాంకేతిక బృందం రెండు మార్గాలనూ ఒకే బొత్తాం కిందకు తెచ్చింది. పుటను తెరిచి ఆ బొత్తాం నొక్కితే పక్కనే పాఠ్యం వస్తుంది. ప్రోగ్రాములు నడపడం తెలియని తెలుగు పండితుడికి కూడా పని అందుబాటులోకి రావడం ఈ మార్పు ఫలితం.

అయితే తెలుగు అచ్చులో యంత్రం పొరబడే తావులు చాలా ఉన్నాయి. ద, ధ, థ మధ్య తేడా ఒక చుక్కలో, ఒక గీతలో ఉంటుంది. సిరా పలచబడిన పాత ప్రతిలో అవి కలిసిపోతాయి. ‘వు’, ‘మ’ ఒకదానికొకటిగా కనిపిస్తాయి. అరసున్నను యంత్రం తరచు మరకగా భావించి విడిచిపెడుతుంది. బండి ఱను సాధారణ రేఫగా చదువుతుంది. ఇవి చిన్న తేడాలు కావు. ‘ఏడు’ అంటే ఒక సంఖ్య, ‘ఏఁడు’ అంటే సంవత్సరం. ‘ఏఱు’ అంటే నది, ‘ఏరు’ అంటే ఎంచి తీయడం. పాత ముద్రణలోని వలపలగిలక సంగతి మరీ కష్టం. పద్యపాదాలు, సీసపు విరుపులు, పుట అడుగున ఉన్న టిప్పణాలు యంత్రానికి ఒకే వరుసగా కనిపిస్తాయి. అందువల్ల యంత్రం ఇచ్చిన పాఠ్యాన్ని ముడిసరుకుగానే పరిగణించాలి.

3.3 పుటస్థాయిలో అచ్చుదిద్దడం:

ఈ ముడిసరుకును మనిషి చేతిలో పెట్టే తీరులోనే వికీసోర్సు విశిష్టత ఉంది. అచ్చుదిద్దే పొడిగింత తెరను రెండుగా విభజిస్తుంది. ఒకవైపు పుట బొమ్మ, మరొకవైపు సరిదిద్దవలసిన పాఠ్యం ఉంటాయి. ప్రతి పుటకూ ఒక స్థితి ఉంటుంది. దిద్దని పుట ఎరుపు, ఒకసారి దిద్దిన పుట పసుపు, మరొకరు సరిచూసి ఆమోదించిన పుట ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. పాఠ్యం లేని పుటకు, సమస్య ఉన్న పుటకు వేరే రంగులు ఉన్నాయి. దిద్దిన వ్యక్తే ఆ పుటను ఆమోదించడానికి సాఫ్ట్‌వేర్ అంగీకరించదు. రెండవ వ్యక్తి చూడవలసిందే.

ఈ నియమంలో రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది పాఠ్య పరిష్కరణకు సంబంధించినది. తాను దిద్దిన తప్పు తనకు కనిపించదన్నది అచ్చుచిత్తులు చూసిన వారందరికీ తెలిసిన విషయమే. రెండవది భాగస్వామ్యానికి సంబంధించినది. మూడువందల పుటల గ్రంథాన్ని ఒక్కరు మొదలుపెట్టి ముగించడం అసాధ్యంగా తోస్తుంది. ఒక్క పుట మాత్రం అరగంటలో ముగుస్తుంది. సూచిక పుటలో ఎరుపు గడి పసుపుగా మారడం తన కృషికి కంటి ఎదుట సాక్ష్యంగా నిలుస్తుంది. రేపు వేరొకరు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆ రంగులే చెబుతాయి. ఒకరికొకరు ఉత్తరం రాసుకోనవసరం లేకుండానే పని చేతులు మారుతుంది.

3.4 కూర్పు, గ్రంథ వివరాలు:

దిద్దిన పుటలను అధ్యాయాలుగా పాఠకుడికి చూపేటప్పుడు వాటిని నకలు చేయరు. సూచికలోని ఫలానా పుట నుండి ఫలానా పుట వరకు అని చెప్పే ఒక చిన్న ఆదేశంతో పాఠ్యం అధ్యాయపు పేజీలో ప్రత్యక్షమవుతుంది. ఎవరైనా మూలపుటలో ఒక అక్షరం సరిదిద్దితే అధ్యాయంలోనూ ఆ దిద్దుబాటు కనిపిస్తుంది. పాఠకుడికి సందేహం కలిగితే పక్కనున్న పుట సంఖ్య మీద నొక్కి మూల ముద్రణను చూసుకోవచ్చు. పరిశోధకుడి దృష్టిలో దీని విలువ చాలా ఎక్కువ. అంతర్జాలంలో దొరికే ఇతర పద్యపాఠాలలో మూలం ఏదో, మార్పు చేసింది ఎవరో తెలియదు. ఇక్కడ ప్రతి అక్షరానికీ ఆధారపుట ఉంది, ప్రతి మార్పుకీ చరిత్ర ఉంది.

2012లో మొదలైన వికీడేటా ఈ గొలుసులో చివరి కొక్కెం. రచయితకు, కృతికి, ఒక్కొక్క ముద్రణకు వేర్వేరు గుర్తింపు సంఖ్యలు ఇచ్చి, వాటి మధ్య సంబంధాలను నమోదు చేయడం దాని పద్ధతి. కృతి వేరు, ముద్రణ వేరు అన్న భేదం గ్రంథాలయ శాస్త్రానికి పాతదే అయినా, ఒకే పేరుతో పలువురు పరిష్కరించిన కావ్యాలున్న తెలుగుకు అది మరింత అవసరం. రచయిత జనన మరణ సంవత్సరాలను వికీడేటాలో ఒక్కచోట సరిచేస్తే, ఆ సమాచారాన్ని అక్కడి నుండి తీసుకొనే పేజీలన్నింటిలోనూ అది సరైపోతుంది.

4. గుర్తింపు, అనుమతి:

కామన్స్, వికీసోర్సు, వికీడేటా, వికీపీడియా వేర్వేరు స్థలాలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఖాతా తెరవవలసి వస్తే సామాన్య కార్యకర్త రెండవదానికే వెనుదిరుగుతాడు. వికీమీడియాలో ఏకీకృత ఖాతా విధానం 2015లో పూర్తయింది. ఒకే పేరు, ఒకే సంకేతపదంతో అన్ని ప్రాజెక్టులలోనూ పనిచేయవచ్చు. అన్నిచోట్లా చేసిన పని ఆ ఒక్క పేరు కిందనే నమోదవుతుంది.

బయటి వారు తయారుచేసిన ఉపకరణాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. వాడుకరి తన సంకేతపదాన్ని ఆ ఉపకరణానికి అప్పగించకూడదు. అందుకోసం ఓఆథ్ అనే పద్ధతి ఉంది. ఫలానా ఉపకరణం నా తరఫున దస్త్రాలు ఎక్కించవచ్చు, లేదా దిద్దుబాట్లు చేయవచ్చు అని వాడుకరి పరిమితమైన అనుమతి ఇస్తాడు. ఇష్టం లేనప్పుడు దానిని రద్దు చేసుకోవచ్చు. ఉపకరణాలు మీడియావికీతో మాట్లాడడానికి ఏపీఐ అనే బహిరంగ ద్వారం ఉంది. ఆ ద్వారం అందరికీ ఒక్కటే కావడం వల్ల తమిళంలో ఒకరు రాసిన ప్రోగ్రాము తెలుగుకు, కన్నడకు కూడా పనికివచ్చింది. చిన్న భాషా సముదాయాలకు ఇది గొప్ప ఆసరా. ప్రతి భాషలోనూ ప్రోగ్రాములు రాయగలవారు ఉండరు.

5. లిపి అనుసంధానం:

తెలుగులో ఏ ఉపకరణాల అనుసంధానానికైనా పునాది లిపి సంకేతం. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కినా, తరువాత చాలా కాలం పత్రికలు, ముద్రణాలయాలు తమ తమ ఫాంట్ల సంకేతాలనే వాడుకున్నాయి. ఆ పాఠ్యం ఒక చోట తెలుగుగా, మరొక చోట అర్థం లేని గుర్తులుగా కనిపించేది. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ అనే సాధనం అలాంటి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే వీలు కల్పించింది. వీవెన్ తయారుచేసిన లేఖిని, ఆంగ్ల అక్షరాల మీటల మీద తెలుగు రాసే సౌకర్యాన్ని విహారిణిలోనే అందించింది. తరువాత వికీమీడియా స్థలాలలోనే తెలుగు టైపు చేసే పద్ధతులు చేరాయి. వేరొక చోట టైపు చేసి నకలు తెచ్చుకొనే శ్రమ తప్పింది.

పాత గ్రంథాల విషయంలో లిపి సమస్య ఇంకా పూర్తిగా తీరలేదు. పాత ముద్రణలలో కనిపించే నకారపొల్లుకు ప్రత్యేక సంకేతం 2021లో వెలువడిన యూనికోడ్ 14వ కూర్పులో చేరింది. సంకేతం ఏర్పడిన తరువాత దానిని చూపగల ఫాంట్లు, టైపు చేయగల మీటల అమరికలు, గుర్తించగల యంత్రాలు రావాలి. ఈలోగా దిద్దిన పుటలలో దానిని ఏ విధంగా రాయాలన్నది సముదాయం చర్చించి నిర్ణయించుకోవలసిన విషయం. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున రాస్తే, వెతికినప్పుడు ఒకే పదం రెండు పదాలుగా విడిపోతుంది. ఉపకరణం ఇవ్వలేని ఏకరూపతను ఇక్కడ రాతపూర్వకమైన శైలి నియమాలే ఇవ్వగలవు.

6. వేగం, బాధ్యత – అనువాద ఉపకరణాల అనుభవం:

ఉపకరణాన్ని సముదాయంతో అనుసంధానం చేయకుండా ప్రవేశపెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి తెలుగు వికీపీడియాలోని ఒక ఘట్టం ఉదాహరణ. 2009–2011 మధ్య గూగుల్ సంస్థ తన అనువాద ఉపకరణాల పెట్టెను వాడి, చెల్లింపు మీద పనిచేసే అనువాదకుల ద్వారా కొన్ని భారతీయ భాషల వికీపీడియాలలో వ్యాసాలు చేర్పించింది. తెలుగు వాటిలో ఒకటి. వ్యాసాలు పెద్దవి. వాటిలోని వాక్యాలు మాత్రం చాలా చోట్ల ఆంగ్ల వాక్య నిర్మాణాన్ని తెలుగు పదాలతో నింపినట్లుగా ఉండేవి. అనువాదకులు పని ముగించి వెళ్లిపోయారు. దోషాలను చర్చించడానికి, సరిదిద్దడానికి ఆ పేజీల వద్ద వారు లేరు. ఆ భారం అప్పటికే తక్కువ సంఖ్యలో ఉన్న స్వచ్ఛంద సభ్యుల మీద పడింది. మెరుగుపరచవలసిన ఆ వ్యాసాలను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించుకోవలసి వచ్చింది.

2015లో వికీమీడియా ప్రవేశపెట్టిన విషయ అనువాద ఉపకరణం కూడా యంత్రానువాదాన్ని వాడుకుంటుంది. దాని అమరిక భిన్నమైనది. అనువదించే వ్యక్తి ఆ వికీలో ఖాతా ఉన్న సభ్యుడు. మూల వ్యాసం ఏదో పేజీ చరిత్రలో నమోదవుతుంది. యంత్రం ఇచ్చిన వాక్యాలను పెద్దగా మార్చకుండా ప్రచురించబోతే ఉపకరణం హెచ్చరిస్తుంది, పరిమితి దాటితే ఆపివేస్తుంది. ఆ పరిమితిని భాషను బట్టి, సముదాయం కోరికను బట్టి మార్చే వీలుంది. దీనివల్ల కృతక వాక్యాలు పూర్తిగా పోయాయని చెప్పలేం. కాని ఒక వ్యాసం గురించి ఎవరిని అడగాలో తెలిసింది. రెండు అనుభవాలలోనూ యంత్రం ఉంది. మొదటిదానిలో వేగం లెక్కకు వచ్చింది, బాధ్యత రాలేదు. రెండవదానిలో బాధ్యత వహించే మనిషి పేరు లేకుండా ఉపకరణం ముందుకు కదలదు.

7. సభ్యులను నిలుపుకొనే ఉపకరణాలు:

పాఠ్యాన్ని తయారుచేసే ఉపకరణాలతో పాటు, మనుషులను కలిపే ఉపకరణాలూ ఉన్నాయి. తెలుగు వికీపీడియాలో విధానాల చర్చకు రచ్చబండ వేదిక. ఆ పేరే ఊరి సంప్రదాయం నుండి వచ్చింది. ప్రతి వ్యాసానికీ ఒక చర్చాపేజీ, ప్రతి వాడుకరికీ ఒక చర్చాపేజీ ఉంటాయి. కళాశాలల్లో శిక్షణ తరగతులు నిర్వహించేవారు కార్యక్రమాల డాష్‌బోర్డును వాడతారు. ఎవరెవరు చేరారు, ఎన్ని పుటలు దిద్దారు అన్నది అది స్వయంగా లెక్కగడుతుంది. 2020లో భారతీయ భాషల వికీసోర్సుల కోసం అచ్చుదిద్దే పోటీలు జరిగాయి. 2018లో పులి ప్రాజెక్టు పేరిట జరిగిన వ్యాసరచన పోటీకి ముందు కార్యకర్తలకు ల్యాప్‌టాప్‌లు, అంతర్జాల సదుపాయం సమకూర్చారు. సాఫ్ట్‌వేర్ ఎంత ఉచితమైనా కంప్యూటరు లేనివాడికి అది అందదన్న వాస్తవాన్ని ఆ ఏర్పాటు గుర్తించింది.

లెక్కలు చూపే ఉపకరణాలకు ఒక పరిమితి ఉంది. అవి సంఖ్యను చెబుతాయి, నాణ్యతను చెప్పవు. పోటీ రోజుల్లో పుటల సంఖ్య మీద దృష్టి పెరిగితే అరసున్నలు, ఱకారాలు మళ్లీ మరుగున పడతాయి. తరగతి మార్కుల కోసం చేరిన విద్యార్థి తరగతి ముగియగానే ఆగిపోవచ్చు. చేరిన తరువాత రెండవ నెలలో, ఆరవ నెలలో ఎందరు మిగిలారన్నది డాష్‌బోర్డులోని మొదటి సంఖ్య కంటే విలువైన కొలమానం.

సంభాషణ స్థలాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాట్సాప్, టెలిగ్రామ్ బృందాలలో సందేహానికి జవాబు వెంటనే దొరుకుతుంది. కొత్తవారికి అది ధైర్యం ఇస్తుంది. కాని అక్కడ జరిగిన నిర్ణయం బృందంలో లేనివారికి తెలియదు, ఏడాది తరువాత వెతికితే దొరకదు. చిన్న సహాయానికి బృందం, నిర్ణయానికి రచ్చబండ అన్న విభజన పాటిస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి.

8. ఆధారపడటంలోని ప్రమాదం:

అనుసంధానం అంటే ఆధారపడటం కూడా. గొలుసులో ఒక కొక్కెం తెగితే పని ఆగుతుంది. పైన పేర్కొన్న గూగుల్ అనువాద ఉపకరణాల పెట్టె 2019 డిసెంబరులో మూతపడింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ విహారిణి పాత తరహా పొడిగింతలకు మద్దతు నిలిపివేయడంతో, స్వచ్ఛందంగా తయారైన అలాంటి పొడిగింతలను తిరిగి రాయడమో వదులుకోవడమో తప్పనిసరైంది. భారత డిజిటల్ గ్రంథాలయపు జాలస్థలం కూడా తరువాతి కాలంలో పాఠకులకు అందకుండా పోయింది. అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ప్రతులు చేరకపోయి ఉంటే ఎన్నో తెలుగు పుస్తకాల స్కానులు సామాన్య పాఠకుడికి దక్కేవి కావు.

ఈ దృష్టితో చూస్తే అక్షర గుర్తింపులో గూగుల్ సేవతో పాటు టెసెరాక్ట్‌ను కూడా నిలుపుకోవడం వివేకం. మొదటిది మెరుగైన ఫలితం ఇచ్చిన సందర్భాలలోనూ రెండవది అవసరమే. దాని మూలసంకేతం అందరి చేతిలో ఉంటుంది. దిద్దిన తెలుగు పుటలు పెరిగే కొద్దీ, వాటిని ఆధారంగా తీసుకొని ఆ యంత్రానికి పాత తెలుగు అచ్చును మరింత బాగా నేర్పించే అవకాశం కూడా ఉంది. కార్యకర్త దిద్దిన పుట ఆ విధంగా రెండుసార్లు ఉపయోగపడుతుంది.

9. ఇతర సంస్థలకు వర్తించే సూత్రాలు:

సాహిత్య సంస్థలు, గ్రంథాలయాలు, కళాశాలల తెలుగు శాఖలు తమ సొంత జాలస్థలాలు నిర్మించుకొనేటప్పుడు పై పరిశీలన నుండి కొన్ని సూత్రాలను గ్రహించవచ్చు.

(అ) పనిని చిన్న ముక్కలుగా విభజించాలి. ఒక కూర్చునే వ్యవధిలో ముగిసే ముక్క దొరికితేనే ఉద్యోగం, సంసారం ఉన్న వ్యక్తి మళ్లీ వస్తాడు.

(ఆ) యంత్రం చేసిన పనికీ, మనిషి చూసిన పనికీ, రెండవ మనిషి ఆమోదించిన పనికీ తేడా కంటికి కనిపించాలి.

(ఇ) సమాచారాన్ని ఒక్కచోటనే ఉంచి, మిగిలిన చోట్లకు అక్కడి నుండి తెచ్చుకోవాలి. నకళ్లు పెరిగిన కొద్దీ పాఠభేదాలు పెరుగుతాయి.

(ఈ) పాఠ్యమంతా యూనికోడ్‌లో ఉండాలి. ఏ సేవలో చేర్చిన సమాచారాన్నైనా పూర్తిగా బయటకు తీసుకొనే దారి ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

(ఉ) సభ్యుల వ్యక్తిగత వివరాలను పనికి అవసరమైనంత మేరకే సేకరించాలి. దరఖాస్తులో అడిగిన ప్రతి అదనపు ప్రశ్నా ఒక సభ్యుణ్ణి దూరం చేయవచ్చు.

(ఊ) మొబైల్ ఫోనులో ఏ పని చేయవచ్చు, ఏది చేయలేమో గుర్తించి చెప్పాలి. అచ్చుదిద్దడానికి బొమ్మ, పాఠ్యం పక్కపక్కన కనిపించే వెడల్పైన తెర కావాలి. చదవడానికి, దోషం ఎత్తిచూపడానికి, పుట ఫొటో తీయడానికి ఫోను చాలు.

ఈ సూత్రాలను పాటించడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఒక చిన్న గ్రంథాలయం తన అరుదైన పుస్తకాలను స్కాను చేసి, హక్కులు తీరినవాటిని కామన్స్‌లో చేర్చి, వికీసోర్సులో సూచిక తెరిస్తే, సొంత సాఫ్ట్‌వేర్ నిర్మించుకోకుండానే పై గొలుసు మొత్తాన్ని వాడుకోగలదు. తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు పాఠ్య పరిష్కరణ బోధించే శాఖలకు అదే సజీవమైన ప్రయోగశాల అవుతుంది. అరసున్న ఎక్కడ ఉండాలో వ్యాకరణంలో చదివిన విద్యార్థి, దానిని యంత్రం విడిచిన చోట తానే గుర్తించి నిలబెడతాడు.

10. ముగింపు:

తెలుగు వికీసోర్సులో స్కాను ప్రతి నుండి ఆమోదిత పాఠ్యం దాకా సాగే క్రమంలో పలు సంస్థల ఉపకరణాలు కలిసి పనిచేస్తున్నాయి. వాటిని కలిపి ఉంచుతున్నవి ఒకే ఖాతా, ఒకే లిపి సంకేతం, స్పష్టమైన హక్కుల వివరం, పుటకు పుటగా నమోదైన బాధ్యత. ఈ నాలుగూ ఉన్నచోట అపరిచితుల శ్రమ ఒక గ్రంథంగా కూడింది. బాధ్యత లోపించినచోట వేగంగా పెరిగిన పాఠ్యం సముదాయానికి భారమైంది.

ప్రస్తుతం ఈ వ్యవస్థలో తక్కువగా ఉన్నది ఉపకరణం కాదు, రెండవ మనిషి. పసుపు రంగులో నిలిచిపోయిన పుటలు ఆమోదం కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ పుటలోని ఛందస్సు, పాత వర్ణక్రమం, శబ్దరూపం తెలిసినవారు దానిని చూడాలి. తెలుగు చదివినవారు, తెలుగు బోధించేవారు ఆ రెండవ మనిషి స్థానంలో నిలబడితే, పాత తెలుగు గ్రంథాలు రాబోయే పరిశోధకులకు నమ్మదగిన రూపంలో అందుతాయి.